నాకు స్వస్థత కాలేదు, అయితే ఏం?

"ఇంత భక్తిగా ఉంటావు, ఇన్ని ప్రార్థనలు చేస్తావు, మరి మీ దేవుడు నీ కాలు ఎందుకు బాగుచేయలేదమ్మా?" అని నన్ను అడిగినవాళ్లు చాలామంది. చర్చికి రాని పక్కింటి పెద్దమ్మ అడిగితే నాకు కోపం రాదు. ఆమెకు నిజంగానే తెలుసుకోవాలని ఉంటుంది. చర్చిలో నా పక్కన కూర్చున్నవాళ్లు అడిగినప్పుడు మాత్రం ఆ ప్రశ్న కింద ఇంకో ప్రశ్న దాగి ఉంటుంది. నీ విశ్వాసంలో ఏదో లోపం ఉంది, చూసుకున్నావా అని.

ఆ రెండో ప్రశ్న గురించే ఈ రోజు రాస్తున్నాను. కాలో, చెయ్యో, కన్నో సరిగా లేని బిడ్డ ఉన్న ప్రతి ఇంట్లోనూ అది ఏదో ఒక రూపంలో తిరుగుతూనే ఉంటుంది. క్రైస్తవుల ఇళ్లల్లో విశ్వాసం తక్కువ అంటారు. మిగతా ఇళ్లల్లో పూర్వజన్మ కర్మ అంటారు. మాట మారుతుంది గానీ వేలు మాత్రం అమ్మ వైపే చూపిస్తుంది.

మన భాషే చూడండి. పెదవి చీలి పుట్టిన బిడ్డకు మనవాళ్లు పెట్టిన పేరు గ్రహణం మొర్రి. కడుపుతో ఉన్న తల్లి గ్రహణం నాడు బయటికి వచ్చిందనో, కత్తిపీట ముట్టుకుందనో పేరులోనే తీర్పు చెప్పేశారు. గర్భంలో తొలి నెలల్లో పెదవి భాగాలు కలవకపోవడం వల్ల అలా అవుతుందని, ఆపరేషన్‌తో సరిచేయవచ్చని డాక్టర్లు ఎంత చెప్పినా ఆ పేరు పోలేదు. తెలుగు బి.ఏ. చదివిన నాకు ఇలాంటి మాటలు చెవిన పడితే అన్నంలో రాయి తగిలినట్టుంటుంది.

నాకు పోలియో వచ్చింది ఏడాదిన్నర వయసులో. రెండు రోజులు జ్వరం, మూడో రోజు ఎడమ కాలు వేలాడిపోయిందట. అప్పట్లో చుక్కల మందు ఇంటింటికీ వచ్చేది కాదు. పల్స్ పోలియో మొదలైంది 1995లో. దేశంలో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో బయటపడింది. 2014 మార్చిలో మన ప్రాంతం మొత్తానికి పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. మా తర్వాత పుట్టినవాళ్లు బతికిపోయారు, మేము క్యాలిపర్ల మీద మిగిలాం. అసలు సంగతి ఇంతే, రెండు చుక్కల మందు. ఊళ్లో మాత్రం మా అమ్మను "యే జన్మలో ఏం పాపం చేసింటివో" అని అడిగారు. ఆమె ఆ మాటకు జవాబు వెతుక్కుంటూ ఎన్ని రాత్రులు కూర్చుందో నాకు తెలుసు.

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాడి కథ ఉంది. క్రైస్తవులు కాని చదువరుల కోసం చెబుతున్నాను. దారిలో అతణ్ణి చూడగానే శిష్యులు ఏసుప్రభువును అడిగిన మొదటి ప్రశ్న మా ఊరివాళ్లు అడిగినదే. ఎవరు పాపం చేశారు, ఇతడా, ఇతణ్ణి కన్నవాళ్లా? ఇద్దరూ కాదని ప్రభువు తేల్చి చెప్పాడు. ఆ ఒక్క జవాబు కోసమే మా అమ్మ చర్చికి రావడం మొదలుపెట్టింది. అద్భుతం కోసం కాదు. "ఆ మాట అన్న దేవుడు నాకు చాలు" అనేది.

ఆ అధ్యాయం ఎన్నిసార్లు చదివినా నాకు ఒక విషయం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అతనికి చూపు వచ్చాక కూడా ఊళ్లో ఒక్కరంటే ఒక్కరు సంతోషించలేదు. ఇరుగుపొరుగు వీడు వాడేనా కాదా అని వాదులాడుకున్నారు. పెద్దలు పంచాయితీ పెట్టారు. కన్నవాళ్లు భయపడి, వాడు పెద్దవాడయ్యాడు, వాణ్ణే అడగండి అని తప్పుకున్నారు. చివరికి వాణ్ణి వెలివేశారు. కాబట్టి బాగుపడనివాళ్లతోనే జనానికి ఇబ్బంది అనుకోకండి. జనానికి తమ లెక్క తప్పినా ఇబ్బందే.

ఇక స్వస్థత సభల సంగతి. దేవుడు స్వస్థపరచలేడని నేను అనడం లేదు. నేను రోజూ ప్రార్థించే మనిషిని. నా పిల్లాడికి జ్వరం వస్తే మాత్ర వేసి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేస్తాను. కానీ ఒక సభలో జరిగింది చెప్పాలి. ఊరు, పేరు అనవసరం. నాకు అప్పుడు ఇరవై రెండు ఇరవై మూడేళ్లు. కుర్చీల్లో ఉన్నవాళ్లను, కర్రలు పట్టుకున్నవాళ్లను ముందు వరుసలోకి తెచ్చి కూర్చోబెట్టారు. వచ్చిన బోధకుడు నా క్యాలిపర్ విప్పించి, విశ్వాసంతో లేచి నడువు అన్నాడు. ఇద్దరు ఆడవాళ్లు చంకల కింద చేతులు వేసి పట్టుకున్నారు. నాలుగడుగులు వేయించారు. మైకులో హల్లెలూయ, అందరూ చప్పట్లు. ఆ ఇద్దరూ చేతులు తీసేసరికి నేను కింద కూలబడ్డాను. అప్పటికి కెమెరా ఇంకొకరి మీదికి వెళ్లిపోయింది. సభ ముగిశాక నా క్యాలిపర్ ఎక్కడ పెట్టారో ఎవరికీ తెలియదు. మా అమ్మ టార్చిలైటు వేసుకుని స్టేజీ వెనకాల వైర్ల మధ్య వెతికి తెచ్చింది. తిరిగొచ్చేటప్పుడు ఒక పెద్దామె జాలిగా అంది, "ఇంకొంచెం నమ్మింటే నడిచేదానివి పాపా."

నమ్మకం తక్కువైతే స్వస్థత రాదనేవాళ్లు ముందు పౌలు సంగతి చెప్పాలి. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక పన్నెండో అధ్యాయంలో ఆయన తన శరీరంలోని ముల్లు గురించి రాశాడు. అది ఏ రోగమో స్పష్టంగా చెప్పలేదు. తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. తీసివేయబడలేదు. నా కృప నీకు చాలు అన్న అర్థంలో జవాబు వచ్చింది. పౌలుకు విశ్వాసం తక్కువ అని ఏ బోధకుడైనా స్టేజీ ఎక్కి అనగలడా? అమెరికాలో జోనీ ఎరిక్సన్ టాడా అనే ఆమె 1967లో, పదిహేడేళ్ల వయసులో, నీళ్లలోకి దూకి మెడ దగ్గర వెన్ను విరగ్గొట్టుకుంది. భుజాల కింద నుంచి శరీరం పనిచేయదు. ఆమె కూడా పేరున్న స్వస్థత సభకు వెళ్లి అదే చక్రాల కుర్చీలో తిరిగి వచ్చింది. తర్వాత నోటితో కుంచె పట్టుకుని బొమ్మలు వేసింది, పుస్తకాలు రాసింది, 1979లో వికలాంగుల కోసం ఒక సంస్థే మొదలుపెట్టింది. ఆ కుర్చీ దిగకుండానే.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. విశ్వాసం పేరు చెప్పి ఫిట్స్ మాత్రలు, షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు ఆపించేవాళ్లు ఉన్నారు. ఫిట్స్ మాత్ర ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా అలా చెబితే, చెప్పింది ఎంత పెద్ద దైవజనుడైనా, వినకండి. సువార్త రాసిన లూకాను పౌలే వైద్యుడని పిలిచాడు.

మరి స్వస్థత లేకపోతే సంతోషం ఎక్కడి నుంచి వస్తుంది? నాకు వచ్చిన దారి చెబుతాను, అందరికీ అదే దారి కాకపోవచ్చు.

మన చర్చిల్లో చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తాం కదా. నా క్యాలిపర్‌కు బూటు బిగించి ఉంటుంది. బూటు విప్పితే క్యాలిపర్ మొత్తం విప్పాలి, విప్పితే నడవలేను. అందుకని చిన్నప్పటి నుంచి నేను గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేదాన్ని. ఎవరూ కూర్చోమనలేదు, ఎవరూ లోపలికి రమ్మనలేదు. పెళ్లయి ఇక్కడికి వచ్చిన కొత్తలో ఇక్కడి పాస్టరమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. మోషే కూడా పరిశుద్ధ స్థలంలో చెప్పులు విడిచాడు కదమ్మా అని వెనకనుంచి ఒకామె గుర్తుచేసింది. పాస్టరమ్మ వెనక్కి తిరిగి, "అది చెప్పు కాదక్కా, ఈ బిడ్డ కాలు. కాలు బయట ఇడిసిపెట్టి రమ్మంటావా?" అంది. ఆ రోజు నేను ఆడవాళ్ల మధ్యలో కూర్చుని పాట పాడాను. అంతకుముందు ఇరవై ఏళ్లుగా పాడిన పాటే. పక్కన ఇంకో గొంతు ఉంటే పాట ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

బైబిల్లో నాకు ఇష్టమైన మనిషి మెఫీబోషెతు. సౌలు రాజు మనవడు, యోనాతాను కొడుకు. యుద్ధంలో తండ్రీ తాతా చనిపోయారన్న కబురు రాగానే ఐదేళ్ల పిల్లాణ్ణి ఎత్తుకుని దాది పరుగెత్తింది. ఆ హడావుడిలో వాడు పడి రెండు కాళ్లూ పోయాయి. ఆ దాదిని బైబిలు ఒక్క మాట అనలేదు, గమనించారా? తర్వాత చాలా ఏళ్లకు దావీదు రాజు అతణ్ణి లోదెబారు అనే ఊరి నుంచి పిలిపించి, తాత భూములు తిరిగి ఇచ్చి, సీబా అనే అతనికి సేద్యం అప్పగించి, ఎప్పుడూ రాజు బల్ల దగ్గరే భోజనం చేసేట్టు ఏర్పాటు చేశాడు. అతని కాళ్లు బాగుచేయించినట్టు ఎక్కడా లేదు. అధ్యాయం ముగింపులో కూడా అతనికి రెండు కాళ్లూ కుంటివే అని మళ్లీ చెప్పి మరీ ఆపుతుంది.

బల్ల ముందు కూర్చుంటే కాళ్లు కనబడవు, దేవుని కృప మన లోపాలను అలా కప్పుతుంది అని కొందరు ప్రసంగిస్తారు. నాకది నచ్చదు. కాళ్లు కనబడినా కుర్చీ పోదు అని చెప్పే కథ అది. భూమి ఇచ్చాడు, భూమి దున్నే మనిషిని ఇచ్చాడు, రోజూ కూర్చునే చోటు ఇచ్చాడు. జాలి పడి ఒక పూట అన్నం పెట్టి పంపలేదు.

మన సీమలో పెద్ద జబ్బు చేస్తే రాయవేలూరు పోవడం అలవాటు. నన్నూ ఎనిమిదేళ్లప్పుడు తీసుకెళ్లారు. ధర్మవరంలో రైలెక్కి, కదిరి, మదనపల్లె, పాకాల మీదుగా కాట్పాడికి. నా మొదటి క్యాలిపర్ అక్కడిదే. ఆ ఆసుపత్రిలో అవయవాలు దెబ్బతిన్నవాళ్లను మళ్లీ పనిలో నిలబెట్టే విభాగాన్ని నడిపినామె డాక్టర్ మేరీ వర్గీస్ అని చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆమె 1925లో కొచ్చిన్‌లో పుట్టింది. రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలోనే చదివి డాక్టరైంది. 1954 జనవరిలో తోటి డాక్టర్లతో వెళ్తుండగా బండి బోల్తా పడి వెన్నెముక దెబ్బతింది. నడుము కింద స్పర్శ పోయింది. ముఖం మీద పెద్ద గాయం మచ్చ మిగిలింది. వయసు ఇరవై ఎనిమిది.

ఆమె కూడా ఏడ్చింది, చచ్చిపోతే బాగుండుననుకుంది. కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసే డాక్టర్ పాల్ బ్రాండ్ ఆమెతో ఒక మాట అన్నాడు. చేతి ఆపరేషన్లు కూర్చుని కూడా చేయవచ్చు కదా అని. అంతే, చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠుతో వంకరపోయిన వేళ్లను సరిచేయడం మొదలుపెట్టింది. తర్వాత ఆస్ట్రేలియాలో పెర్త్‌కు, ఆ పైన న్యూయార్క్‌కు వెళ్లి, తనలాంటివాళ్లను మళ్లీ పనిలో నిలబెట్టే వైద్యం నేర్చుకుంది. తిరిగొచ్చి 1963లో ఆ విభాగం బాధ్యత తీసుకుంది. 1966లో రోగులు అక్కడే ఉండి నేర్చుకునే కేంద్రం తెరిచారు. 1972లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. 1986లో చనిపోయేవరకూ ఆమె నడవలేదు.

మేరీ వర్గీస్ గురించి చెప్పేటప్పుడు చర్చిల్లో ఆమె ఓర్పును పొగుడుతారు. నన్ను అడిగితే ఓర్పు కంటే ముందు పాల్ బ్రాండ్ ఆమెకు పని చూపించాడు. ఆమె కుర్చీ ఆపరేషన్ థియేటర్లోకి వెళ్లేట్టు ఎవరో తలుపులు తెరిచారు. పని ఉన్నచోట ఓర్పు నిలబడుతుంది. ఏ పనీ ఇవ్వకుండా మూలన కూర్చోబెట్టి "ఎంత ఓర్పమ్మా నీకు" అనడం మెచ్చుకోలు కాదు, మన చేతులు కడుక్కోవడం.

ఈ ఓర్పు అనే మాటతో ఆడవాళ్లకు చాలా పాత లెక్కలున్నాయి. భూదేవంత ఓర్పు అని మనల్ని పొగిడినప్పుడల్లా తర్వాత ఏదో ఒకటి నెత్తిన పెడతారు. రోమా పత్రిక ఐదో అధ్యాయంలో పౌలు శ్రమ నుంచి ఓర్పు వస్తుందని, అక్కడి నుంచి మెట్టు మెట్టుగా నిరీక్షణ వస్తుందని రాశాడు. తెలుగు బైబిల్లో ఈ నిరీక్షణ అన్న మాట నాకు ఎంతో ఇష్టం. మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపు. పేపర్లో "బస్సు కోసం గంటల తరబడి నిరీక్షణ" అని రాస్తారు. మన బైబిలు అనువాదకులు ఆశ అనే అర్థానికి ఈ మాట పెట్టారు. ఆశ అని ఉంటే కళ్లు మూసుకుని కూడా ఆశపడవచ్చు. నిరీక్షణ అంటే బస్సు వచ్చే దారి వైపు కళ్లు తెరిచి చూడాలి, చెయ్యెత్తాలి, అది ఆగకపోతే డ్రైవర్ని కేకేయాలి. ఊరుకుని కూర్చున్నవాళ్లకు నిరీక్షణ ఉండదు.

మూడు నాలుగేళ్లుగా నా బాగున్న కాలు కూడా నొప్పి పెడుతోంది. ఎడమ తొడలో ఉన్న కాస్త బలమూ తగ్గుతోంది. పోలియో వచ్చిన ముప్పై నలభై ఏళ్ల తర్వాత చాలామందికి ఇలా అవుతుందట, పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారని డాక్టరు చెప్పారు. ఇన్నాళ్లూ చచ్చుబడిన కండరాల పని కూడా మిగిలిన కండరాలే చేసి అలసిపోతాయట. దీనికి మందు లేదు, మధ్యమధ్యలో విశ్రాంతి తీసుకోవడమే. నలభైలలో ఉండి ఇలాంటి నొప్పి వస్తున్న అక్కచెల్లెళ్లు ఎవరైనా ఉంటే, పట్టుదలగా ఇంకా ఎక్కువ నడవకండి. డాక్టరుకు చూపించుకోండి. నేను రాగిసంగటి కెలకడానికి ఇప్పుడు గిన్నె కిందికి దించుకుని, పీట మీద కూర్చుని తెడ్డు తిప్పుతున్నాను. ముద్దలు మునుపటికంటే నున్నగా వస్తున్నాయని ఇంట్లోవాళ్లు అంటున్నారు. నిజమో, నన్ను సంతోషపెట్టడానికో. బలం తగ్గుతున్న ఒంటితో సంతోషంగా ఉండటం ఎలాగో నేను మళ్లీ కొత్తగా నేర్చుకోవాల్సి వస్తోంది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక పౌలు సంకెళ్లలో ఉండి రాశాడు, అందులో సంతోషం అన్న మాట పదే పదే వస్తుంది. అది చదివినప్పుడు నాకు ఉపదేశంలా అనిపించదు. పక్క గదిలో ఎవరో కూనిరాగం తీస్తున్నట్టుంటుంది.

మన చెన్నేకొత్తపల్లి చుట్టుపక్కల ఈ విషయంలో చర్చిల కంటే ముందు నడిచినవాళ్లు ఉన్నారు, ఒప్పుకోవాలి. 1990 నుంచి ఇక్కడే ఉన్న టింబక్టు కలెక్టివ్ వాళ్లు వికలాంగులను సంఘాలుగా కూర్చి పొదుపు చేయించారు. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ గారు క్రైస్తవ గురువుగా మన దేశానికి వచ్చిన మనిషే. ఆయన పెట్టిన ఆర్‌డీటీ మతం బోధించలేదు గానీ మన జిల్లాలో ఎందరో వికలాంగ పిల్లలకు బడి చూపించింది. సంఘంలో అప్పు తీసుకుని మిషను కొనుక్కున్న ఆడమనిషి ముఖంలో వెలుగు, సాక్ష్యం చెప్పడానికి లేచిన విశ్వాసి ముఖంలో వెలుగు నాకు ఒకేలా కనబడతాయి.

ప్రార్థన కూటాల్లో నేను ఇప్పుడు ఒక పని అడుగుతున్నాను. ప్రార్థన అయ్యాక, సదరం సర్టిఫికెట్ లేనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగండి. నలభై శాతం వైకల్యం ఉందని ఆ కాగితం ఉంటేనే పింఛను. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో ఆ పింఛను 3,000 నుంచి 6,000 అయింది, పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు 15,000. స్లాటు బుక్ చేయడం తెలియక, ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషి లేక ఆగిపోయినవాళ్లు ప్రతి పల్లెలో ఉంటారు. స్మార్ట్‌ఫోన్ ఉన్న యవ్వనస్థులు చర్చిలో ఉన్నారు కదా, కీబోర్డు వాయించే చేతులే ఈ పనికీ సరిపోతాయి.

రెండోది ర్యాంపు. మా చర్చికి రెండు మెట్లు, కలిపి అడుగు ఎత్తు. ఒకటికి పన్నెండు అనేది లెక్క. అంటే అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవు వాలు ఉండాలి. నాలుగైదు అడుగుల్లో దించేస్తే అది బండి ఎక్కించుకోవడానికి పనికొస్తుంది గానీ చక్రాల కుర్చీకి కాదు. నాకు ఇప్పుడు కుర్చీ అవసరం లేదు, రేపు రావచ్చు. పక్షవాతం వచ్చిన ఒక తాత మూడేళ్లుగా చర్చి మొహం చూడలేదు. మొన్న మేమే నలుగురం ఆడవాళ్లం టేపు పట్టుకుని కొలిచి, ముగ్గుపిండితో గీత గీశాం. పదో అడుగు దగ్గర వేపచెట్టు అడ్డొస్తోంది. కొట్టేద్దామని ఒకరు, వద్దని ఒకరు. చెట్టు జోలికి పోకుండా అక్కడ మలుపు తిప్పి చదునుగా కొంత జాగా వదిలితే సరిపోతుందని మేస్త్రీ అంటున్నాడు. ఇసుక వచ్చే వారం తోలిస్తానన్నాడు.